గంజి చేతులు, పసుపు గోళ్ళు

చెన్నై సెంట్రల్ పక్కనున్న మూర్ మార్కెట్ కాంప్లెక్స్‌లో తిరువళ్ళూరు లోకల్ ఎక్కారు మీరు. ఆవడి, పట్టాభిరాం, నేమిళిచ్చేరి దాటాక బండి నెమ్మదించింది. తిరునిన్రవూరు. ధనుర్మాసం, చీకటి ఇంకా పూర్తిగా విడలేదు. ప్లాట్‌ఫారం మీద స్వెట్టర్లు, మంకీ క్యాపులు. భక్తవత్సల పెరుమాళ్ కోవెల వైపు నుంచి తిరుప్పావై మైకులో వినిపిస్తోంది. ఈశాన్య రుతుపవనాల వానలు పడి వెళ్ళాయి కాబట్టి ఏరి, అంటే ఊరి చెరువు, నిండుగా ఉంది, గాలి చల్లగా తగులుతోంది.

ఈ ఊళ్ళో ఏదైనా కట్టడానికి ఇటుకలు అక్కర్లేదు. పూసలార్ నాయనారు శివుడికి గుడి కట్టాలనుకుని, చేతిలో డబ్బు లేక, మనసులోనే పునాది తీసి మనసులోనే శిఖరం ఎత్తింది ఇక్కడే అని పెరియపురాణం చెప్తుంది. ఆయన కుంభాభిషేకానికి ముహూర్తం పెట్టుకున్న రోజునే కంచిలో పల్లవరాజు తన రాతిగుడికీ పెట్టుకున్నాడట. శివుడు రాజు కలలోకి వచ్చి, ఆ రోజు నాకు తిరునిన్రవూరులో పని ఉంది, నీది ఇంకో రోజుకి మార్చుకో అన్నాడట. ఆ కథని తలుచుకునే హృదయాలీశ్వరర్ కోవెల ఇప్పటికీ ఊళ్ళో ఉంది. అంచేత మనమూ ఒక ఇల్లు మనసులోనే కట్టుకుందాం. ఊరు నిజం, ఏరి నిజం, వంటింట్లో జరిగేవన్నీ ఎక్కడైనా జరిగేవే. ఇంట్లో మనుషులు మాత్రం మన ఊహ.

స్టేషను నుంచి పది నిమిషాల నడక. కింది పోర్షను. ముందు చిన్న వాకిలి, రెండు గదులు, వెనక సిమెంటు పెరడు, అందులో కుళాయి, బట్టలుతికే బండ. ఇంట్లో అవ్వ, కొడుకు, కోడలు, నాలుగేళ్ళ అబ్బోడు, రెండు నిండిన పాప. అవ్వ పుట్టిల్లు తిరుత్తణి పక్కన పల్లె. అవ్వ వాళ్ళమ్మ అక్కడికి కాపురానికి వచ్చిన నాటికి అది చిత్తూరు జిల్లా. 1960 ఏప్రిల్ 1న తిరుత్తణి తాలూకా మద్రాసు రాష్ట్రంలో కలిసింది. ఊరు ఉన్నచోటే ఉంది, జిల్లా మారింది. ఇలాంటి ఇళ్ళు ఈ రైలుమార్గం పొడుగునా ఉన్నాయి: వీధిలో తమిళం, గడప లోపల తెలుగు.

అవ్వ కసువు ఊడ్చి కళ్ళాపి చల్లింది. గిన్నెలో బియ్యప్పిండి తీసుకుని చుక్కలు పెడుతోంది. బొటనవేలూ చూపుడువేలూ మధ్యనుంచి పిండి సన్నగా జారుతోంది, చుక్క తర్వాత చుక్క, ఎడం తప్పకుండా. పాప నిద్రమొహంతో వచ్చి గడప మీద నిలబడింది.

"అవ్వా, నాకూ!"

"నీకూ ఉండాదమ్మా. ఈ పళ్ళెం నీది. ఈడ కూచో. నా ముగ్గు తొక్కినావంటే చూడు."

అంచున్న స్టీలు పళ్ళెం, అందులో రెండు గుప్పెళ్ళ పిండి. మీరు పాప పక్కన గడప మీదే కూర్చోండి. చూడండి, ముందు ఆమె ఏమీ గీయదు. అరచెయ్యి పెట్టి ఊరుకుంటుంది. తెల్లారుజామున పిండి చల్లగా ఉంటుంది. తర్వాత పిడికిలి బిగిస్తుంది. విప్పితే వేళ్ళ అచ్చులతో ఒక ముద్ద, మరుక్షణం అది పొడిపొడిగా రాలిపోతుంది. మళ్ళీ బిగిస్తుంది. ఏడెనిమిదిసార్లు అయ్యాక చూపుడువేలు పెట్టి లాగుతుంది. పిండి పక్కకి తొలిగి అడుగున స్టీలు మెరుస్తుంది. తను లాగిన చోటే గీత పడిందని ఆమెకి ఇప్పుడే తెలిసింది. అరచేత్తో చెరిపేసింది. ఇంకో గీత. చెరిపితే కొత్తది వస్తుందన్నమాట. కాగితం మీద క్రేయాన్‌తో ఈ సంగతి తెలియదు. అక్కడ పడిన గీత పడినట్టే ఉంటుంది.

చేత్తో తాకి తెలుసుకునే ఇలాంటి ఆటకి మీరు వాడే మాట 'సెన్సరీ ప్లే' కావచ్చు. అవ్వకి ఆ మాట తెలియదు. తన పని చెడకుండా పిల్లకి పక్కన చోటివ్వడం తెలుసు. రాతిముగ్గు పొడి, రంగుముగ్గు పొడి ఉన్న డబ్బాలు మాత్రం సజ్జ మీద, పిల్లలకి అందనంత ఎత్తులో పెట్టింది. రాతిపొడి ఊపిరిలోకి పోకూడదు. రంగుపొడిలో ఏ రంగు కలిపారో అమ్మినవాడికీ తెలియదు. బియ్యప్పిండైతే మిగిలింది చీమలు తింటాయి.

ఇక్కడికి నలభై కిలోమీటర్ల లోపే అడయారు. 1939 నవంబరులో, పిల్లలకి చేతితో నేర్పించాలన్న మరియా మాంటిస్సోరి దివ్యజ్ఞాన సమాజం అధ్యక్షుడు జార్జ్ అరండేల్ పిలుపు మీద అక్కడికి వచ్చింది. కొద్ది నెలలకని వచ్చిన మనిషి యుద్ధం వల్ల 1946 దాకా ఈ దేశంలోనే ఉండిపోయింది. తాటాకు పందిళ్ళ కింద మూడు వందల మందికి పైగా టీచర్లకి తర్ఫీదు ఇచ్చింది. గరుకు కాగితంతో కత్తిరించిన అక్షరాల మీద వేలు నడిపించడం, కళ్ళకి గంతలు కట్టుకుని బట్టముక్కల్ని తడిమి జత కలపడం ఆమె పద్ధతిలో పాఠాలు. అక్షరాన్ని కన్ను చదవకముందే చెయ్యి చదవాలన్నది ఆమె పట్టు. అయితే ఆమె గదిలో ప్రతి వస్తువుకీ ఒక స్థానం, ఒక క్రమం ఉంటుంది. పిండి నేల మీద ఒలికితే ఆమె మెచ్చుకునేది కాదేమో. పాప పళ్ళెంలో ఇప్పుడు సగం పిండే ఉంది. మిగతా సగం ఆమె గౌను మీద, గడప మీద, మీ చొక్కా మీద.

కోడలికి ఎనిమిది గంటల బండి. జడ వేసుకుంటూనే వంటింట్లోంచి కేక: "అత్తా, దానికి పాత గౌను తొడగండి, అది సంక్రాంతికి కొన్నది."

"తొడుగుతా లేమ్మా, నువ్వు బయల్దేరు."

లోపలికి రండి. పొయ్యి మీద అన్నం ఉడుకుతోంది. ఈ ఇంట్లో కుక్కరు ఉన్నా అవ్వ అన్నం వారుస్తుంది. గంజి ఆమెకి కావాలి. అబ్బోడు నేల మీద కూర్చుని పొట్టు మినప్పప్పు కడుగుతున్నాడు. రాత్రంతా నానిన పప్పు. రెండు అరచేతుల మధ్య రుద్దితే నల్లపొట్టు ఊడి నీళ్ళమీద తేలుతుంది, తెల్లపప్పు అడుగున ఉంటుంది. గిన్నె వంచితే పొట్టు మాత్రమే నీళ్ళతో పోతుంది. పప్పు జారుడుగా ఉంది, పిడికిట్లోంచి తప్పించుకుంటోంది. వాడు పకపకా నవ్వుతున్నాడు. ఇది ఆటా, పనా? పప్పు నిజంగానే శుభ్రమైంది. మధ్యాహ్నం గ్రైండర్లో పడేది అదే.

పక్కనే చపాతీ పిండి. వాడికి ఒక ముద్ద ముందే తీసి పెట్టింది. చపాతీకని కలిపిన పిండి కాసేపట్లో ఎండి పగులుతుంది. ఆటకి నాలుగు రోజులు ఉండాలంటే వేరే కలపాలి: గ్లాసు మైదా, అర గ్లాసు ఉప్పు, గ్లాసు నీళ్ళు, చెంచా నూనె, చెంచా నిమ్మరసం. సన్నసెగ మీద తిప్పుతూ ఉంటే జారుగా ఉన్నది గట్టిపడి, మూకుడు వదిలి ముద్దవుతుంది. చల్లారాక మెదిపి మూత డబ్బాలో పెట్టాలి. ఉప్పు బూజు పట్టనివ్వదు, రుచీ చెడగొడుతుంది కాబట్టి అబ్బోడు ఒకసారి నాకి మొహం చిట్లించి వదిలేస్తాడు. పాపకి ఇది ఇవ్వరు. నాకి వదిలే వయసు కాదు ఆమెది, ఎక్కువ మింగితే అంత ఉప్పు చిన్నపిల్లకి ప్రమాదం.

బజార్లో డబ్బాల్లో వచ్చే రంగుల పిండిముద్ద, ప్లే-డో, పుట్టింది గోడలు తుడవడానికి. అమెరికాలో సిన్సినాటి నగరంలో కుటోల్ అనే కంపెనీ, బొగ్గుపొయ్యిల మసి పట్టిన గోడకాగితాల్ని శుభ్రం చేసే మెత్తటి పిండి అమ్మేది. ఇళ్ళలోకి గ్యాసు వచ్చింది, మసి పోయింది, అమ్మకాలు పడిపోయాయి. కంపెనీ యజమానుల బంధువు, నర్సరీ టీచరు కే జుఫాల్ ఆ పిండిని తన పిల్లలకిచ్చి చూసి, ఇది బొమ్మలు చెయ్యడానికి బాగుందని చెప్పింది. 1956లో అది ఆటవస్తువుగా అంగడికెక్కింది. ఇంటిపని కోసం కలిపిన పిండి పిల్లల చేతిలో పడి ఆటవస్తువైంది. అబ్బోడి చేతిలో ఉన్న చపాతీ ముద్దదీ అదే దారి.

అన్నం ఉడికింది. అవ్వ గిన్నె మీద మూత పెట్టి, గుడ్డతో పట్టుకుని వారుస్తోంది. పిల్లలిద్దరూ గుమ్మం అవతలే ఉండాలి, వార్చేటప్పుడు ఈ ఇంట్లో అది చట్టం. తెల్లగా, చిక్కగా గంజి పడుతోంది. బియ్యంలోని పిండిరేణువులు వేడికి నీళ్ళు తాగి ఉబ్బి పగలడం వల్ల ఆ చిక్కదనం వచ్చింది. చల్లారేకొద్దీ ఇంకా చిక్కబడుతుంది. పలచగా ఉంటే చెంచా బియ్యప్పిండి నీళ్ళలో కలిపి, అందులో పోసి మరోసారి ఉడికించాలి. వేలితో తీస్తే జారకుండా నిలబడాలి, అప్పుడే రంగు.

అవ్వ గంజిని మూడు చిన్న గిన్నెల్లో సర్దింది. ఒకదాంట్లో పసుపు. ఒకదాంట్లో బీట్‌రూట్ తురిమి పిండిన రసం. ఇంకోదాంట్లో మిక్సీలో తిప్పి వడగట్టిన పాలకూర. గంజి ఉడికినది, రంగులు తినేవి. నోట్లో అన్నీ పెట్టుకునే వయసు పిల్లకి అవ్వ ఇచ్చేవన్నీ ఇలాంటివే: గంజి, రాగిజావ, ఉడికి అద్దాల్లా మారిన సగ్గుబియ్యం, మెదిపిన అరటిపండు. పచ్చి పిండి ముట్టుకోవడానికే గాని తినడానికి కాదు, అందుకే ముగ్గు పళ్ళెం దగ్గర తను పక్కనే ఉంది.

పెరట్లోకి పదండి. ఇప్పుడు ఎండ వచ్చింది. అవ్వ చేసే మొదటి పని గమనించండి. గంజి గిన్నెలు కిటికీలో పెట్టి, ముందు బకెట్టు నింపింది. పాత తువ్వాలు బండ మీద వేసింది. పిల్లల బట్టలు విప్పి బనీను, చెడ్డీతో ఉంచింది. అరటాకు పరిచింది. ఇవన్నీ అయ్యాక గిన్నెలు దించింది. బకెట్టుని మాత్రం తన కాలి పక్కనే ఉంచుకుంది. రెండేళ్ళ పిల్ల తలకిందులుగా పడితే బకెట్టులో ఉన్న కొద్దిపాటి నీళ్ళు చాలు, అందుకే ఆట అయ్యేదాకా ఆమె అక్కణ్ణుంచి లేవదు. లేవాల్సివస్తే బకెట్టు బోర్లించి లేస్తుంది.

పాప అరచెయ్యి పసుపు గంజిలో ముంచింది. తీసి చూసుకుంది. వేళ్ళు దగ్గరికి చేర్చి విడదీస్తే మధ్యలో తీగలు సాగుతున్నాయి. అరటాకు మీద చరిచింది. ఆకు మీది మైనం వల్ల గంజి అంటీ అంటనట్టు ఉంది, చెయ్యి ఎటు తోస్తే అటు జారుతోంది. అబ్బోడు బీట్‌రూట్ వేళ్ళతో ఆకు ఈనె వెంట చక్కగా చుక్కలు పెడుతున్నాడు, అవ్వ ముగ్గులాగే. పాప వచ్చి వాటిమీద రెండు చేతులూ రుద్దింది.

"అవ్వా! నా చుక్కలు చెరిపేసింది!"

"దానాకు దానిది, నీయాకు నీది. ఇంకోటి కోసుకొస్తా ఉండు."

వేలిరంగులు మన దగ్గర కొత్త కాదు. అరచేతి పసుపు ముద్రలు గోడల మీద, గడపల మీద మన పండగలకి తెలుసు. బడిపిల్లల కోసం వాటిని తయారుచేసి పేరు తెచ్చుకున్నది రూత్ షా అనే అమెరికన్ టీచరు. ఆమె రోములో బడి నడిపేది. దెబ్బకి అయోడిన్ రాసుకోమని పంపిన పిల్లవాడు స్నానాలగది గోడంతా అయోడిన్ పూశాడని, అది చూసి 1930ల మొదట్లో ఆమె వేలితో పూసుకునే రంగులు చేయడం మొదలుపెట్టిందని చెప్తారు. ఆ పిల్లవాడు గోడని వదల్లేదు. మన పిల్లలూ వదలరు. అందుకే అవ్వ ఆటని గది నుంచి బండ దగ్గరికి మార్చింది. పసుపు మరక టైల్సు మధ్య సిమెంటు గాడిలో పడితే ఒక పట్టాన పోదు.

ఇప్పుడు చిన్న గారడీ. పాప వేళ్ళకున్న పసుపు మీద అవ్వ వంటసోడా కలిపిన నీళ్ళు రెండు చుక్కలు వేసింది. పసుపు ఎర్రబారింది. పాప నోరు తెరిచి చూస్తోంది. అబ్బోడు నిమ్మచెక్క పిండాడు. మళ్ళీ పసుపు. పసుపులోని కర్క్యుమిన్ అనే పదార్థం క్షారం తగిలితే ఎర్రగా, పులుపు తగిలితే పచ్చగా కనిపిస్తుంది. పెళ్ళికూతురు గడప దాటేటప్పుడు తిప్పిపోసే ఎర్రనీళ్ళలో జరిగేదీ ఇదే, అక్కడ సోడా బదులు సున్నం. సున్నం మాత్రం పిల్లల ఆటకి వద్దు. కంట్లో పడితే చూపుకే ముప్పు. వంటసోడా చాలు, అదీ చిటికెడు.

ఇంకో గిన్నెలో మొక్కజొన్న పిండి, ఊరంతా కార్న్‌ఫ్లోర్ అని అడిగేదే. రెండు గ్లాసుల పిండికి గ్లాసు నీళ్ళు. మీ వేలు నెమ్మదిగా దించండి: పాలలోకి దిగినట్టు దిగుతుంది. ఇప్పుడు పిడికిలితో ఒక్కసారి గుద్దండి: గట్టి నేల. ముద్దగా పట్టుకుని ఉండలు చుడుతున్నంతసేపూ ఉండ, చుట్టడం ఆపితే వేళ్ళ సందుల్లోంచి కారిపోతుంది. మెల్లగా కదిపితే రేణువుల మధ్య నీళ్ళు జారుడుగా ఉంటాయి. ఒక్కసారి ఒత్తితే నీళ్ళు పక్కకి తప్పుకుని రేణువులు ఒకదానికొకటి బిగుసుకుంటాయి. ఇంగ్లీషు దేశాల పిల్లలు దీన్ని ఊబ్లెక్ అంటారు, డాక్టర్ స్యూస్ 1949లో రాసిన పిల్లల కథలోని జిగురు వాన పేరు అది. అబ్బోడికి ఏ పేరూ అక్కర్లేదు. గుద్దుతున్నాడు, ఆగుతున్నాడు, మళ్ళీ గుద్దుతున్నాడు. ఎంత వేగంగా గుద్దితే ఎంత గట్టిగా తగులుతుందో వాడు వరుసగా పరీక్షిస్తున్నాడు. మీరూ ఒకసారి చెయ్యి పెట్టాక తియ్యబుద్ధి కాలేదు కదా?

గోడ అవతల నుంచి పక్కింటి తమిళక్క తన మూడేళ్ళ పిల్లవాణ్ణి దించింది. వాడు చేతులు వెనక్కి కట్టుకుని దూరంగా నిలబడ్డాడు. గంజి చూసి మొహం తిప్పుకున్నాడు. అబ్బోడు చెయ్యి పట్టి లాగబోతే అవ్వ ఆపింది.

"వొద్దురా. వాడికి బుద్ధి పుట్టినప్పుడు వస్తాడు. వాడికో చెంచా ఇయ్యి."

చెంచాతో కలపొచ్చు. కుంచె పట్టొచ్చు. గంజిని జిప్పున్న ప్లాస్టిక్ కవర్లో పోసి మూసి ఇస్తే పైనుంచి నొక్కి చూడొచ్చు, వేలికి ఏమీ అంటదు. కొందరు పిల్లలకి జిగట, తడి, గరుకు తగిలితే మనకి ఇసుక కంట్లో పడ్డంత బాధ. మొండితనమని బలవంతంగా చెయ్యి ముంచితే భయం ముదురుతుంది. అమెరికన్ ఆక్యుపేషనల్ థెరపిస్టు జీన్ ఐర్స్ 1972లో రాసిన పుస్తకంతో ఇలాంటి పిల్లల కోసం స్పర్శ, కదలిక ఆధారంగా చేసే చికిత్స ఒకటి ప్రచారంలోకి వచ్చింది. దాని ఫలితాలమీద జరిగిన పరిశోధన తక్కువ, ఏదీ తేల్చలేదు అని అక్కడి పిల్లల వైద్యుల అకాడమీ 2012లో చెప్పింది. అంచేత గంజి ఆడితే ఆటిజం తగ్గుతుందనో, తెలివి పెరుగుతుందనో ఎవరైనా చెప్తే నమ్మకండి. తిండి, బట్ట, స్నానం అన్నిటికీ పిల్ల ఇలాగే బెదిరిపోతుంటే డాక్టరుకి చూపించాలి. చెన్నైలో 1985 నుంచి పనిచేస్తున్న విద్యాసాగర్ లాంటి సంస్థలు, ముట్టుకాడులో కేంద్రప్రభుత్వ సంస్థ నిప్‌మెడ్ ఈ ఊరికి మరీ దూరం కావు. అంతకన్నా చిన్న బెదురైతే చెంచా చాలు. పక్కింటి పిల్లవాడు ఇప్పుడు చెంచాతో కార్న్‌ఫ్లోర్ పొడుస్తున్నాడు. చెంచా ఎందుకు దిగట్లేదో తెలియక చిటికెనవేలి కొసతో తాకాడు. వెంటనే చెడ్డీకి తుడుచుకున్నాడు. ఈ రోజుకి అంతే.

పెరటి మూల మట్టి తొట్టి ఉంది. అందులో ఇసుక, కొంచెం బంకమట్టి. బంకమట్టి కార్తికదీపానికి ప్రమిదలు చేసే కుమ్మరి దగ్గర తెచ్చింది. ఏరి ఒడ్డున కావలసినంత మట్టి ఉంది కదా అంటారా? ఇళ్ళ మురుగునీళ్ళు చేరే ఏ చెరువు మట్టీ పిల్లల చేతికి పనికిరాదు. కుక్కలూ పిల్లులూ తిరిగిన చోటు ఇసుకా అంతే. తెచ్చిన ఇసుక కడిగి, ఎండలో ఆరబెట్టి, రాత్రి మూత వెయ్యాలి. గొబ్బెమ్మల పేడ కూడా అవ్వే ముద్ద చేస్తుంది, గుమ్మడిపువ్వు గుచ్చడం మాత్రం పాప వంతు.

అబ్బోడు కుడికాలు చాపాడు. అవ్వ తడి ఇసుక పాదం మీద పోసింది. ఇద్దరూ కలిసి తడుతున్నారు, మెత్తగా, గట్టిగా, చుట్టూ. ఇప్పుడు మెల్లగా కాలు వెనక్కి లాగాలి. మీకూ ఊపిరి ఆగింది. కాలు బయటికొచ్చింది, గుల్ల నిలబడింది. పిచ్చుకగూడు. తెలుగుదేశంలో ఏ ఏటి ఒడ్డున పెరిగినవారికైనా ఇది తెలుసు. ఇసుకలో నీళ్ళు తక్కువైతే కూలుతుంది, ఎక్కువైతే జారుతుంది. సరిపాళ్ళు నోటితో చెప్పలేం, పాదానికి తెలుస్తుంది. పాప వచ్చి ఒక్క అడుగేసింది. గూడు పోయింది. అబ్బోడు ఏడుపు. ఈ తగవు చాలా పాతది. పొద్దున మైకులో తిరుప్పావై విన్నారే, అది పాడిన ఆండాళ్ళే నాచ్చియార్ తిరుమొళిలో ఒక పదికం మొత్తం దీనికే ఇచ్చింది: నడుం నొప్పి పుట్టేలా కూర్చుని కట్టుకున్న ఇసుక ఇళ్ళని తొక్కెయ్యొద్దని గోపికలు కృష్ణుణ్ణి బతిమాలతారు.

పదకొండు గంటలైంది. పెరడంతా గంజి, ఇసుక, బీట్‌రూట్. చాలామంది ఇళ్ళలో ఈ ఆట ఒక్కసారితో ఆగిపోయేది ఇక్కడే. ఆడించడం కష్టం కాదు, కడగడమే కష్టం. కడిగేది ఎప్పుడూ ఆ ఇంటి ఆడమనిషే. కొత్త లేఅవుట్లలో రెండో అంతస్తు ఫ్లాటు, ట్యాంకరు నీళ్ళు, ఎనిమిది గంటల బండి ఉన్న తల్లికి 'పిల్లల్ని స్వేచ్ఛగా ఆడనివ్వండి' అని చెప్పడం తేలిక. ఆ సలహా ఇచ్చేవారెవరూ చీపురు పట్టరు.

అవ్వ ఏం చేస్తోందో చూడండి. పిల్లల్ని తుడవలేదు. తడిగుడ్డలు వాళ్ళ చేతికే ఇచ్చింది. పాప బండ మీద గంజి రుద్దుతోంది, నురుగొచ్చిందని అరుస్తోంది. అబ్బోడు చెంబుతో నీళ్ళు పోసి, గంజి ఏ వాలున పోతుందో చూస్తూ చీపురుతో తోస్తున్నాడు. ఆట ఇంకా అవలేదు వాళ్ళకి. నీళ్ళూ నురుగూ దానికి రెండో సగం. మిగిలిన కార్న్‌ఫ్లోర్ అవ్వ మోరీలో పొయ్యనివ్వలేదు, అడుగున గట్టిపడి గొట్టం పూడుకుపోతుంది. ఆరబెట్టి చెత్తలో వేసింది. ఇసుక చేతులు బకెట్టులోనే. ఆ నీళ్ళు మొక్కకి. అరటాకులు మడిచి పెట్టింది, వీధిలో ఆవు వస్తుంది. అరబకెట్టు నీళ్ళు, రెండు గుడ్డలు, పావుగంట. పెరడు లేని ఇంట్లో స్నానాలగదే పెరడు. స్నానానికి ముందు పావుగంట అక్కడే గంజి ఇస్తే ఆటకీ ఒంటికీ ఒకే నీళ్ళు.

ఇల్లు దాటి అంగన్‌వాడీలోనూ ఇదే లెక్క. 1975 అక్టోబరు 2న ముప్పై మూడు బ్లాకుల్లో మొదలైన సమగ్ర శిశు అభివృద్ధి పథకం కింద అంగన్‌వాడీలు దేశమంతా వచ్చాయి. మూడు నుంచి ఎనిమిదేళ్ళ పిల్లల కోసం 2022 అక్టోబరులో వచ్చిన జాతీయ పాఠ్యప్రణాళిక చట్రం, ఆటే చదువు అని గట్టిగా చెప్పింది. ఇసుక, నీళ్ళు, మట్టి, చుట్టుపక్కల దొరికే వస్తువులు అందులో ఉన్నాయి. కాగితం మీద బాగుంది. అమలు కావాలంటే అంగన్‌వాడీలో కూడా ముందు చూడాల్సింది కుళాయిలో నీళ్ళు ఉన్నాయా, కడిగే చెయ్యి ఇంకొకటి ఉందా అని.

పొద్దు వాలాక కొడుకు డ్యూటీ నుంచి వచ్చాడు, వెనకే కోడలు. పాప గోళ్ళు ఇంకా పచ్చగా ఉన్నాయి. కొడుకు ఫోను తిప్పి చూపించాడు.

"అమ్మా, సెన్సరీ కిట్ అంట. రంగురంగుల జెల్లీ గోలీలు, నీళ్ళల్లో వేస్తే ఇంత లావు అవుతాయి. తెప్పించేదా?"

కోడలు ఫోను లాక్కుంది. "అవి వద్దు. మింగితే కడుపులో ఉబ్బుతాయి." ఆమె చెప్పింది నిజం. నీళ్ళు తాగి ఎన్నోరెట్లు ఉబ్బే ఆ పాలిమర్ గోలీలు పేగుకి అడ్డుపడతాయి, ఎక్స్‌రేలో కూడా సరిగ్గా కనిపించవు. 2023లో అమెరికా వినియోగ వస్తువుల భద్రతా కమిషన్ వాటిమీద గట్టి హెచ్చరికలు చేసింది.

"దానికి బదులు నాలుగు చెంచాల సబ్జా నానబెడితే సరి," అంది అవ్వ. "పావుగంటలో జిగురు పట్టి జారతాయి. నోట్లోకి పోయినా పానకంలో తాగేవే గదా."

"అయితే ఆదివారం అదే ఆడిద్దాం," అన్నాడు కొడుకు.

"ఆడిద్దాం కాదు, మీరు ఆడించండి," అంది కోడలు. "అత్తయ్య ఆదివారం తిరుత్తణి పోతున్నారు. నేను పడుకుంటా."

కొడుకు తల్లి వైపు చూశాడు. అవ్వ నవ్వలేదు, పని అప్పగించే గొంతుతో చెప్పింది: "ముందు బకెట్టు నింపు, నీ కాలి పక్కనే పెట్టుకో. రెండు గుడ్డలు తడిపి ఉంచుకో. పిల్లోళ్ళకి పాత బట్టలు. సబ్జా గిన్నె అన్నిటికన్నా చివర్న తియ్యి. గుడ్డలు ఉతికి ఆరేసినాకే ఆట అయినట్టు."